నైరుతి మూలకు ప్రయాణం

నేను గుంటూరులో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాను. ఆ మాట వినగానే ఎవరికైనా రెండే ప్రశ్నలు తడతాయి. భూకంపం ఎప్పుడొస్తుంది, మా స్థలంలో నీళ్ళెక్కడ పడతాయి. మొదటిదానికి తెలీదని చెప్పి తప్పించుకోవచ్చు. రెండోదానికి తెలీదంటే ఎవరూ ఊరుకోరు. బ్రాడీపేటలో మా వీధి చివర ఉండే పళ్ళ డాక్టరుగారు నా నోట్లో చెయ్యి పెట్టి, నేను జవాబు చెప్పలేని స్థితిలో ఉండగా, తన కొత్తింటి బోరు గురించి అడిగారు. ఆ రోజే చుట్టపక్కాలకు నీళ్ళు చూపించనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టును మా తమ్ముడు ఒక్క ఫోనుతో తీసి గట్టున పెట్టించాడు.

సెల్‌ఫోన్లు ఇంకా పల్లెల్లోకి రాని రోజులవి. తమ్ముడు వెంకటేశ్వర్లు దర్శి వెళ్ళి ఎస్‌టీడీ బూతు నుంచి చేశాడు. మా పుట్టిల్లు కురిచేడుకూ దర్శికీ మధ్య ఒక మెట్ట ఊరు. సాగరు కాలువ మా ఊరికి దిగువన పోతుంది. మాకు దాని చల్లగాలి వస్తుంది, నీళ్ళు రావు. ఆ ఏడు తమ్ముడు మూడెకరాల్లో మిరప వేశాడు. నారు నాటాక వాన మొహం చాటేసింది. రెండు బోర్లు వేయించాడు, రెండింటిలోనూ దుమ్మే వచ్చింది.

"శుక్రవారం మళ్ళీ బోరుబండి వస్తందక్కా. ఇదే ఆఖరు. ఇదీ పోతే చేను వదిలేసి దర్శిలో ఎరువుల కొట్లో గుమాస్తాగా కుదురుకుంటా. మాట్లాడుకున్నా కూడా" అన్నాడు.

వాడు గుమాస్తాగా కుదురుకోవడం నేను ఊహించలేకపోయాను. చిన్నప్పటి నుంచీ వాడికి నీడపట్టున కూర్చుంటే తలనొప్పి వస్తుంది. ముందు బోర్లు ఎక్కడ వేశావని అడిగాను. ఈశాన్యంలో అన్నాడు, ఇంకెక్కడ వేస్తారన్నట్టు. రెండూనా అంటే, రెండోది ఇంకాస్త ఈశాన్యంలో అని చెప్పాడు. నేను ఫోను పెట్టేసి ప్రిన్సిపాలుగారికి సెలవు చీటీ రాశాను.

బుధవారం తెల్లవారి ఆరింటికల్లా గుంటూరు స్టేషనుకు చేరాను. సామాను చూస్తే నాకే నవ్వొచ్చింది. కాలేజీ ల్యాబు నుంచి అడిగి తెచ్చుకున్న మీటరు పెట్టె ఒకటి, నాలుగు ఇనప ఊచలు, రెండు పెద్ద వైరు చుట్టలు, ఒక సుత్తి. వీటి మధ్య ఎక్కడో నా రెండు చీరలున్నాయి. మా ఆయన స్కూటరు మీద దింపారు. ఊచలు అడ్డంగా పట్టుకుని నేను వెనక కూర్చుంటే, శంకర్‌విలాస్ సెంటరులో ఆటోవాళ్ళందరూ మాకు దారి ఇచ్చారు. పెళ్ళయిన కొత్తలో కూడా నువ్వింత సామాను తేలేదని మా ఆయన ప్లాట్‌ఫారం మీద వేళాకోళం చేశారు.

పాసింజరు రైలు అరగంట ఆలస్యంగా కదిలింది. మీరెవరైనా ఆ దారిన వెళ్తే కిటికీ పక్కన చోటు చూసుకోండి. ఫిరంగిపురం దాకా కొండవీటి కొండలు తోడొస్తాయి. ఆ తర్వాత నరసరావుపేట వరకూ అంతా నల్లరేగడి. పత్తి పగిలి చేలు తెల్లగా ఉన్నాయి, మధ్య మధ్య మిరప పచ్చగా ఉంది. రేగడి నేలలో కింద ఏ రాయి ఉందో కనపడదు, నాలాంటిదానికి పొద్దు గడవదు. సంతమాగులూరు దాటాక మట్టి పల్చబడుతుంది. వినుకొండ వచ్చేసరికి రాయి లేచి కొండై నిలబడుతుంది. నరసరావుపేటలో ఆకులో కట్టిన ఇడ్లీ తీసుకోండి, వినుకొండలో మిరపకాయ బజ్జీ. బజ్జీతో పాటు మంచినీళ్ళ సీసా దగ్గర పెట్టుకోవడం మంచిది, అవి గుంటూరు వాళ్ళనే ఏడిపిస్తాయి.

ఎదురు సీటులో ఒక ముసలమ్మ వినుకొండలో మనవరాలి పురిటికి వెళ్తోంది. ఆవిడ ఊచలవంక చాలాసేపు చూసి, ఇల్లు కడుతున్నారా అమ్మా అని అడిగింది. నీళ్ళు చూడటానికని చెప్పాను. ఆ మాటతో రైలుపెట్టెలో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచారు. మిర్చియార్డులో సరుకమ్మి తిరిగొస్తున్న ఒకాయన, తమ ఊళ్ళో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషి ఉన్నాడనీ, నీళ్ళున్నచోట కాయ నిటారుగా లేచి నిలబడుతుందనీ చెప్పాడు.

"మీ దాంట్లో ఏం లేచి నిలబడుతుందండీ?" అని నన్నడిగాడు.

ముల్లు అని మీటరు చూపించాను. ముల్లు చాలా చిన్నదిగా ఉందని ఆయనకు నచ్చలేదు. ముసలమ్మ మాత్రం దిగేటప్పుడు నా ఊచలను చేత్తో తాకి కళ్ళకద్దుకుంది.

గుండ్లకమ్మ వంతెన మీద రైలు నెమ్మదించినప్పుడు కిందకు చూశాను. నది అనే మాటకు తగ్గ నీళ్ళు లేవు, ఇసుకలో చెలమలు తీసి ఆడవాళ్ళు బిందెలు నింపుతున్నారు. అంతవరకూ హుషారుగా ఉన్న నాకు అక్కడ కాస్త గుబులేసింది.

కురిచేడులో దిగేసరికి పదకొండు కావస్తోంది. దర్శి బస్సులో కండక్టరు నా సామానుకు లగేజీ టిక్కెట్టు కొట్టాడు. కొట్టి, చింపి, చేతిలో పెట్టి, ఆ తర్వాత తనకు దర్శిలో ఉన్న స్థలం గురించి తీరిగ్గా అడగడం మొదలుపెట్టాడు. మా ఊరి స్టేజీ వచ్చి నన్ను కాపాడింది. తమ్ముడు సైకిలు మీద వచ్చి ఉన్నాడు. మనిషి నల్లబడి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాడు. ఏరా అంటే ఏముందక్కా అని ఊచలు భుజాన వేసుకున్నాడు.

ఇంట్లో మరదలు సుబ్బాయమ్మ దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి చేసి పెట్టింది. వడ్డిస్తున్నప్పుడు ఆమె చేతులు చూశాను. అరచేతులు కాయలు కాచిపోయాయి. నెల్లాళ్ళుగా ఇద్దరూ కాలువ నుంచి ఎడ్లబండి మీద డ్రమ్ములతో నీళ్ళు తెచ్చి, మొక్క మొక్కకూ చెంబుతో పోస్తున్నారట. మూడెకరాల్లో ముప్పాతిక భాగానికి అందడం లేదు. ఆ మాట ఆమె చాలా మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది.

ఎండ కాస్త తగ్గాక చేనికి వెళ్ళాం. మొక్కలు మోకాలెత్తున పూత మీదున్నాయి. ఆకులు ముడుచుకుని వేలాడుతున్నాయి. కొన్ని సాళ్ళలో పూత రాలి నేల మీద పడి ఉంది. ఈశాన్య మూలన రెండు బోరు గొట్టాలు, వాటి మూతుల మీద బండరాళ్ళు, పక్కన బూడిదరంగు పొడి కుప్పలు. ఆ పొడి చేతిలోకి తీసుకుని భూతద్దంతో చూశాను. పంచదార పలుకుల్లా మెరుస్తూ, అంచులు పదునుగా, శుభ్రంగా ఉంది. నీటి తడి ఎన్నడూ ఎరగని రాయి అది.

మా పొలం కింద ఉన్నది నైస్ అనే రాయి. నలుపూ తెలుపూ చారలతో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఒకప్పుడు మరో రకం రాయిగా ఉండి, భూమి లోపల వేడికీ ఒత్తిడికీ రూపం మార్చుకున్నది. మరమరాల ఉండను రోట్లో వేసి దంచితే మధ్యలో సందులన్నీ ఎలా పోతాయో, దీనిలో సందులూ అలాగే పోయాయి. లోపల నీటిచుక్క నిలవడానికి చోటుండదు. నీళ్ళు ఉంటే గింటే అది పగిలినచోటే ఉండాలి. ఆ పగులు ఎటు పోతోందో పట్టుకోవాలి.

గట్ల వెంబడి తిరిగాను. నేల ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా ఉంది. నైరుతి మూల హద్దురాయి దగ్గర తెల్లటి పలుగురాళ్ళు తేలి కనపడ్డాయి. వాటి వరస పట్టుకుని నడిస్తే, మా పొలం మూలను తాకీ తాకకుండా పోయి, మూలకు ఎదురుగా ఉన్న మరో చేలోకి దిగిపోయింది. ఆ వరస పొడుగునా తుమ్మచెట్లు ఆ కరువులో కూడా పచ్చగా ఉన్నాయి. పెద్ద రాయి పగిలినచోటే పలుగురాయి చేరుతుంది. నాకు మనసులో గంట మోగింది. తమ్ముణ్ణి పిలిచి హద్దురాయి పక్కన కాలితో గీత గీశాను.

వాడి మొహం మాడిపోయింది. "నైరుతిలో గొయ్యి తీస్తే ఇంట్లో మనిషికి కీడంటారక్కా. నువ్వు చదువుకున్నదానివి, నీకు పట్టింపు లేకపోవచ్చు. నేను పిల్లలున్నవాణ్ణి."

"మరి ఈశాన్యంలో రెండు తీశావుగా, ఏం ఒరిగింది?"

"నీళ్ళు లేకపోతే లేకపోయాయి, కీడు కూడా లేదుగా."

 నాకు చాలా కోపం వచ్చింది. రాళ్ళ మీద వచ్చే కోపం వేరు, అవి నన్ను ఎదిరించి మాట్లాడవు.

రాత్రి అన్నాలప్పుడు కోపం దిగాక, బకెట్టులో నీళ్ళు తెప్పించాను. దొడ్లో నుంచి ఒక ఇటుక ముక్క, పొలం నుంచి తెచ్చిన రాయి ముక్క రెండూ అందులో వేశాను. ఇటుక నుంచి బుడగలు బుసబుసా లేచాయి. రాయి ఊరికే పడుకుంది. మన పొలం కింద ఉన్నది ఆ రెండోదని, ఎక్కడ పడితే అక్కడ ఎంత లోతు దించినా అది అంతేనని చెప్పాను. వాడు రాయి తీసి తుడిచి పక్కన పెట్టాడు. నాకు అర్థమైందక్కా, కానీ నైరుతిలో వెయ్యను అన్నాడు. సుబ్బాయమ్మ బకెట్టు తీసి ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకు పోసింది.

గురువారం పొద్దున్నే, ఎలాగూ ఊచలు మోసుకొచ్చాను కాబట్టి, మీటరు పెట్టి చూద్దామని చేనికి వెళ్ళాం. పద్ధతి సులువే. నేలలోకి కరెంటు పంపితే, తడి ఉన్న రాయిలో సులువుగా పోతుంది, పొడి రాయిలో మొరాయిస్తుంది. మీటరు ముల్లు కిందికి పడితే తడి ఉన్నట్టు. వైరు రెండు వైపులా ఎంత దూరం లాగితే అంత లోతు సంగతి తెలుస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, పలుగురాళ్ళ మూల దగ్గర వైరు పరచాలంటే సగం మా చేలో, సగం మూలకు ఎదురుగా ఉన్న చేలో పరచాలి. ఆ చేను యేసురత్నం మాస్టారిది. ఊరి చివర పేటలో ఉంటారు, అక్కడి బడిలోనే పాఠాలు చెబుతారు. ఆయనకూ మా వాడికీ రెండేళ్ళుగా మాటల్లేవు. దున్నేటప్పుడు మా వాడు మూల దగ్గర గట్టును కాస్త చెక్కాడని ఆయన, చెక్కలేదని వీడు. ఆయన బడి నుంచి టేపు తెచ్చి నలుగురి ముందూ కొలవడంతో వీడికి తలకొట్టేసినట్టయిందట.

ఆ పొద్దున మాస్టారు తన పత్తి చేలోనే ఉన్నారు. పల్చటి మనిషి, ఇస్త్రీ చొక్కా, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు. నన్ను చూసి నమస్కారం పెట్టారు. వైరు సంగతి చెబితే క్షణం కూడా ఆలోచించలేదు.

"నాకు తొమ్మిదిన్నరకి బడి మేడం. అప్పటిదాకా ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతా" అన్నారు.

అలా ఒక కొసన మా తమ్ముడు, ఇంకో కొసన మాస్టారు, మధ్యలో పెట్టె ముందు నేను. మీటరులో నేను చూసే ప్రతి అంకెకీ ఇద్దరూ ఒకేసారి ఊచ పీకి, సమానదూరం జరిగి, మళ్ళీ దిగ్గొట్టాలి. మాటల్లేని మనుషులు ఆ పని చెయ్యడం ఎలా ఉంటుందో చూసి తీరాలి. అక్కా, ఆయన్ని ఇంకాస్త వెనక్కి పొమ్మను అంటాడు వీడు. మేడం, వారి ఊచ వంకరగా ఉంది చెప్పండి అంటారు ఆయన. ఇద్దరి గొంతులూ పొలమంతా వినపడుతున్నాయి, అయినా రెండు మాటలనూ నేనే అటూ ఇటూ మోశాను. అరగంటకు నా గొంతు బొంగురుపోయింది. ఆ తర్వాత వాళ్ళే ఒకరినొకరు చూసుకుని తలలూపుకుంటూ జరగడం మొదలుపెట్టారు. తలూపడం మాటకిందికి రాదని కాబోలు.

మూడు చోట్ల చూశాం. హద్దురాయికి ఇవతల, మా చేలో, ముల్లు పర్వాలేదనిపించింది. హద్దురాయికి అవతల నాలుగడుగులు దాటి మాస్టారి చేలో పెడితే, కొంత లోతు తర్వాత ముల్లు దబ్బున పడిపోయింది. మళ్ళీ చూశాను, మళ్ళీ పడింది. పగులు అక్కడుంది. మా పొలంలో దాని చెంగు మాత్రమే ఉంది.

మాస్టారు బడికి వెళ్ళిపోయాక, పుల్లతో నేల మీద నాలుగు పొలాలు గీశాను. నాలుగూ కలిసే చోట హద్దురాయి పెట్టాను. ఇది మనకు నైరుతి, కదా అన్నాను. తమ్ముడు ఊఁ అన్నాడు. ఈ రాయికి మూల నుంచి మూలకు ఎదురుగా ఉన్న పొలం మాస్టారిది. ఆయన పొలానికి ఈ రాయి ఏ మూల అని అడిగాను. వాడు గీతల వంక చూశాడు, సూర్యుడి వంక చూశాడు, మళ్ళీ గీతల వంక చూశాడు. తుమ్మచెట్టు కింద పోయి కూర్చున్నాడు. కాసేపటికి అక్కడి నుంచే అన్నాడు.

"ఈశాన్యం."

ఆ మాటతో వాడికి వాస్తు అడ్డు తీరిపోయింది. కానీ ఇంకో అడ్డు వచ్చి పడింది. నువ్వు చెప్పక్కా మాస్టారికి, నువ్వంటే గౌరవంగా ఉన్నాడు అని మొదలుపెట్టాడు. పొద్దుట్నుంచీ మీ ఇద్దరి మాటలూ మోసి నా గొంతు పోయింది, ఇది మాత్రం నేను మొయ్యను, నీ నోటితో నువ్వే అడుక్కో అన్నాను. మధ్యాహ్నమంతా వాడు అన్నం సయించక పశువులపాక చుట్టూ తిరిగాడు. సుబ్బాయమ్మ డ్రమ్ములు బండికెక్కిస్తూ, గుమాస్తా ఉద్యోగానికైనా ఎవరో ఒకర్ని అడగాల్సిందేగా వదినా అని నాతో, వాడికి వినపడేట్టు అంది.

పొద్దు వాలాక వాడు తల దువ్వుకుని బయల్దేరాడు. నేను తోడెళ్ళాను. మాస్టారి అరుగు మీద పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఆయన పిల్లల్ని పంపేసి, మాకు కుర్చీలు వేశారు. ఆయన భార్య టీ తెచ్చింది. మా ఇంటి మగవాళ్ళు ఆ పేటలో కూర్చుని టీ తాగడం నేనెన్నడూ చూడలేదు. తమ్ముడు గ్లాసు అందుకుని, వేడివేడిగా తాగేసి, గ్లాసును కింద పెట్టాడు.

"మాస్టారూ, బోరు మీ చేలో వేద్దాం. బండి నేను మాట్లాడిందే. మోటారు నా దగ్గరుంది. నీళ్ళు ఇద్దరం వాడుకుందాం."

నీళ్ళు పడకముందే మా వాడు మోటారు కొన్నాడని నాకు అప్పుడే తెలిసింది. మొదటి బోరప్పుడు ధీమాగా కొని, ఇంట్లో గోనెపట్టా కప్పి దాచాడట. మాస్టారికేమో పాత బావి తాలూకు కరెంటు లైను ఉంది, బావి ఎండి అది ఊరికే పడి ఉంది. ఆయన గడ్డం నిమురుకున్నారు.

"గట్టు సంగతేంటి వెంకటేశ్వర్లు గారూ?" అన్నారు.

"గట్టు నేనే చెక్కాను. నేనే సరిచేస్తాను."

నాకు చాలా సంతోషమేసింది. వాడి నోట ఆ మాట రాబట్టడం టేపు వల్ల కూడా కాలేదు. మాస్టారు మొట్టమొదటిసారి నవ్వారు. బండి ఖర్చులో సగం తనదన్నారు. తనకు ఈశాన్యాలూ నైరుతులూ లేవని, అయితే ఒక షరతుందని చెప్పారు. "నీళ్ళు పడకపోతే మాత్రం, మాస్టారి ఈశాన్యం మంచిది కాదని ఊళ్ళో చెప్పకూడదు."

శుక్రవారం బోరుబండి వచ్చింది. తమిళనాడు నుంచి వచ్చి ఇక్కడే నెలల తరబడి తిరుగుతున్న మనుషులు. తమ్ముడు కొబ్బరికాయ కొట్టాడు, బడికి సెలవు పెట్టి వచ్చిన మాస్టారు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. అటూ ఇటూ అయ్యాక మిషను మొదలైంది. ఆ చప్పుడులో మాటలు వినపడవు. ఎర్రమట్టి పొడి లేచింది, తర్వాత పసుపు, ఆ తర్వాత అదే బూడిదరంగు. నా గుండెల్లో రాయి పడింది. వంద అడుగులు దాటాయి, దుమ్మే. నూట యాభై దాటాయి, దుమ్మే. చేలోని పత్తీ, మా జుట్లూ, తమ్ముడి మీసాలూ అన్నీ ఒకే రంగుకు వచ్చాయి. సుబ్బాయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. తమ్ముడు చూడలేక బండికి వీపు తిప్పి నిలబడ్డాడు.

మేస్త్రీ ఆపమంటారా అని చేత్తో సైగ చేశాడు. నేను పొడిలోంచి గులకలు ఏరి, సీసాలో నీళ్ళతో కడిగి చూశాను. ముందు కడిగినవన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఈసారి వాటిల్లో రెండు మూడింటికి ఒక ముఖం మీద తుప్పురంగు మచ్చ ఉంది. నీరు వచ్చి పోయే పగులు గోడకే ఆ మరక పడుతుంది. కొట్టమని చెయ్యూపాను. ఆ క్షణంలో నేనెంత భయపడ్డానో నా విద్యార్థులకు ఎప్పుడూ చెప్పలేదు. మరక ఎండిపోయిన పాత పగులుదై కూడా ఉండొచ్చు.

ఇంకో గొట్టం దిగుతుండగా దుమ్ము ఆగిపోయింది. ఏదో చెడిపోయిందనుకున్నాను. తర్వాత తడి బురద ముద్దలు ముద్దలుగా ఎగిరి మా చీరల మీద పడింది. ఆ వెనకే నీళ్ళు, బూడిదరంగు నీళ్ళు, తాటిచెట్టు ఎత్తు లేవలేదు గానీ మనిషెత్తు దాటి లేచాయి. నీళ్ళు పడ్డయ్ అని మేస్త్రీ వచ్చీరాని తెలుగులో అరిచాడు. తమ్ముడు వెనక్కి తిరగలేదు. వీపు మీద నీళ్ళు పడుతుంటే అలాగే నిలబడి, భుజాలు కదుపుతూ ఏడ్చాడు. మాస్టారు వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నారు.

ఇంచున్నర నీళ్ళన్నారు. సముద్రమేమీ కాదు. వంతులు వేసుకుంటే ఆ రెండు చేలకూ సరిపోతాయి. శనివారం పొద్దున గోనెపట్టా విప్పి మోటారు దించారు, మాస్టారి పాత లైను కలిపారు. గొట్టం నుంచి రెండు చేలకూ చెరో కాలువ తీశారు. ఇక కరెంటు రావాలి. వ్యవసాయానికి పగలు ఒక విడత, రాత్రి ఒక విడత ఇస్తారు. మాస్టారు చూసి చూసి బడికి వెళ్ళిపోయారు. నేను సామాను కట్టుకుని నాలుగున్నర బస్సుకు వెళ్తూ, తమ్ముడికి చెప్పి పోదామని చేనికి వచ్చాను. అప్పుడే కరెంటు వచ్చింది.

మోటారు మూలిగింది, గొట్టం రెండుసార్లు దగ్గింది, నీళ్ళు వచ్చాయి. ఈసారి తేటగా ఉన్నాయి. దోసిట పట్టి తాగాను, కాస్త చప్పగా, చాలా చల్లగా ఉన్నాయి. తమ్ముడు పార పట్టుకుని కాలువలు చీలేచోటికి వెళ్ళాడు. చేలో మాస్టారు లేరు, ఆయన మనిషీ లేడు. నెల్లాళ్ళుగా చెంబుతో తడిపిన మూడెకరాలు వాడి కళ్ళెదుట ఉన్నాయి. వాడు మా కాలువకు మట్టి అడ్డం వేసి, మాస్టారి పత్తిలోకి నీళ్ళు వదిలాడు.

నేను ఏమీ అనకముందే వాడే అన్నాడు. "ఆయన లేనప్పుడు మన చేను తడుపుకుంటే బాగోదక్కా."

 వాడి తల నిమిరి, ఊచలు భుజాన వేసుకుని రోడ్డు మీదకు వచ్చాను. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, మాస్టారు సైకిలు మీద బడి నుంచి వస్తూ గట్టు దగ్గర దిగారు. తన చేలో మోకాలి లోతు మొక్కల మధ్య మా వాడు, సాళ్ళలో మెరుస్తూ నీళ్ళు. ఆయన సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా పడేసి, చెప్పులు విడిచి చేలోకి దిగారు. మలుపులో తుమ్మచెట్లు అడ్డమొచ్చాయి.

తిరుగు రైలులో నన్నెవరూ నీళ్ళ గురించి అడగలేదు, ఊచలు సీటు కింద ఉన్నాయి. అడిగితే బాగుండుననిపించింది. గుండ్లకమ్మ, వినుకొండ, చీకట్లో నరసరావుపేట. ఆ ప్రాంతాన్ని ఇన్నేళ్ళు రాళ్ళ కోసం చూశాను, ఈసారి మనుషుల్ని చూసి వస్తున్నాను, చాలా తృప్తిగా ఉంది. గుంటూరులో మా ఆయన స్కూటరుతో ఎదురొచ్చి, నీళ్ళు పడ్డాయా అని అడిగారు. పడ్డాయి, మాస్టారి చేలో అన్నాను.

"అదేంటి, మీ తమ్ముడి చేలో కాదా?"

టైము చూశాను. రాత్రి విడత కరెంటు వచ్చే వేళయింది.

"ఈపాటికి మాస్టారు వాడి చేను తడుపుతూ ఉంటారు" అన్నాను.

నీకెవరు చెప్పారన్నారాయన. ఎవరూ చెప్పలేదని చెప్పి, ఊచలు అడ్డంగా పట్టుకుని స్కూటరెక్కాను.